వరమిచ్చిన చేతులు

ధర్మం మానవునికి తెలియనిది కాదు. సత్యం పలకాలనీ, బలహీనుని హింసించరాదనీ, అధికారం చేతికి వచ్చినవాడు ముందుగా తన్ను తాను శాసించుకోవాలనీ ఏ యుగంలోనూ ఎవరూ కొత్తగా కనిపెట్టి చెప్పవలసి రాలేదు. తల్లి ఒడిలో విన్నది, పెద్దల నడవడిలో చూసినది, అంతరాత్మ ఏకాంతంలో పలికేది ఒక్కటే. అయినా మానవుడు యుగయుగాన దానిని మరుస్తూనే ఉన్నాడు. భయం మరపిస్తుంది, లోభం మరపిస్తుంది, విసుగు మరపిస్తుంది. "ఈ ఒక్కసారికి" అనే సమాధానం వీటన్నిటికంటె సులువుగా మరపిస్తుంది. ఒకనికి కలిగిన మరపు అతని జీవితాన్ని చెరుపుతుంది. ఒక జాతిలో ధర్మరక్షణకు నియుక్తులైనవారందరికీ ఒకే కాలంలో కలిగిన మరపు నిరంకుశుని సింహాసనం ఎక్కిస్తుంది.

పురాణకర్తలు ఈ సత్యాన్ని ఎరుగుదురు. వారు చెప్పిన రాక్షసుల కథల్లో ఏ రాక్షసుడూ తనంత తానుగా అజేయుడు కాలేదు. హిరణ్యకశిపునికైనా రావణునికైనా బలం వరంగానే వచ్చింది. భస్మాసురుని చేతికి ఆ మహిమను పరమశివుడే ప్రసాదించాడు. లోకకంటకుని బలం ఎవరో ఇచ్చిన బలమేననీ, ఇచ్చినవాని శిరస్సును కూడా ఆ చేయి విడిచిపెట్టదనీ ఆ కథలలోని హితవు. ఇరవయ్యవ శతాబ్దంలో ఇటలీ దేశాన్ని సుమారు ఇరవై ఒక్క సంవత్సరాలు శాసించి, ఫాసిజం అనే మాటను లోకానికి పరిచయం చేసిన బెనిటో ముస్సోలినీ ఉత్థానపతనాలను ఈ దృష్టితో పరిశీలించడం శ్రేయస్కరం. అతని దోషాలను లెక్కించడం సులభం. అతనికి వరాలిచ్చిన చేతులను గుర్తించడం కష్టం. అవి మనవంటివారి చేతులే గనుక.

1883 జూలై 29న రోమాన్యా ప్రాంతంలోని ప్రెదాప్యో సమీపాన అతడు జన్మించాడు. తండ్రి కమ్మరి, తల్లి బడిలో ఉపాధ్యాయిని. కొలిమి శ్రమనూ అక్షరం విలువనూ ఒకే ఇంట చూసి పెరిగినవానికి ధర్మం బోధపడకపోవడానికి కారణం కనిపించదు. వాక్కు, లేఖిని అతనికి సహజంగా అబ్బిన సంపదలు. 1912లో సోషలిస్టు పార్టీ పత్రిక 'అవాంతి'కి సంపాదకుడై యుద్ధాన్ని ఖండించినవాడు, 1914లో మహాయుద్ధం మొదలైన కొద్ది నెలలకే యుద్ధంలో దిగమని దేశాన్ని పురికొల్పాడు. పార్టీ అతన్ని బహిష్కరించింది. అతడు సొంత పత్రికను స్థాపించుకున్నాడు. సత్యాన్ని వెదుకుతూ అభిప్రాయం మార్చుకున్నవానిని లోకం గౌరవిస్తుంది. జనం ఎటు మొగ్గితే అటు మొగ్గే వాక్కు మాత్రం సత్యంతో బంధం తెంచుకుంటుంది. నిగ్రహం లేని చోట చేరిన వాక్సిద్ధి ఎంత ప్రమాదకరమో ఆనాడు ఎవరూ గమనించలేదు.

యుద్ధం ముగిసేనాటికి ఇటలీ సుమారు ఆరు లక్షలమంది సైనికులను కోల్పోయింది. ధరలు పెరిగాయి; ఇల్లు చేరిన సైనికునికి పని దొరకలేదు; విజయం దక్కినా ఫలం దక్కలేదన్న కినుక దేశమంతటా వ్యాపించింది. ఆ క్షోభలో, 1919 మార్చి 23న, మిలాన్ నగరంలోని సాన్ సెపోల్క్రో కూడలి దగ్గర కొద్దిపాటి సమూహంతో ముస్సోలినీ తన ఫాసిస్టు దళాన్ని ప్రారంభించాడు. అదే సంవత్సరం నవంబరులో జరిగిన ఎన్నికల్లో వారికి ఒక్క స్థానమైనా దక్కలేదు. ఈ విషయాన్ని స్థిరచిత్తంతో ఆలోచించాలి. ప్రజ తొలుత అతన్ని తిరస్కరించింది. తిరస్కృతుడైన మనిషి మూడు సంవత్సరాలు తిరగకముందే ప్రధానమంత్రి అయ్యాడంటే, ప్రజ ఇవ్వని వరాన్ని అతనికి ఇతరులెవరో ఇచ్చి ఉండాలి.

మొదటి వరం భయపడ్డ సంపద ఇచ్చింది. సమ్మెలకూ, 1920 సెప్టెంబరులో కార్మికులు కర్మాగారాలను ఆక్రమించుకోవడానికీ బెదరిన పో నదీలోయ భూస్వాములు ముస్సోలినీ అనుచరులైన నల్లచొక్కాల దండులకు ధనమూ వాహనాలూ సమకూర్చారు. ఆ దండులు రాత్రివేళ పల్లెల మీద పడి కార్మిక సంఘాల భవనాలను తగులబెట్టాయి. కూలీల నాయకులను ఇంటి నుంచి ఈడ్చి, దుడ్డుకర్రలతో మోది, నోరు తెరిపించి సీసాలకొద్దీ ఆముదం పోశాయి. ప్రాణం తీయడం కంటె మానం తీయడం ఎక్కువ కాలం భయపెడుతుందని వారికి తెలుసు. రెండవ వరం రక్షకభటులు ఇచ్చారు: అనేకచోట్ల చూసీ చూడనట్లు తలతిప్పుకున్నారు. మూడవ వరం వృద్ధనాయకుడు జొలిట్టి ఇచ్చాడు: మచ్చిక చేసుకోవచ్చునన్న నమ్మకంతో 1921 ఎన్నికల్లో తన కూటమిలో చోటివ్వగా ఫాసిస్టులు 35 స్థానాలతో శాసనసభలో అడుగుపెట్టారు. లోభం, భీరుత్వం, అతితెలివి అనే మూడూ కలిస్తే అధర్మానికి ఇంకొక ఆయుధం అక్కరలేదు.

1922 అక్టోబరు 28 ఉదయం నిర్ణయాత్మక ఘడియ వచ్చింది. వేలాది నల్లచొక్కాలవారు వానలో తడుస్తూ, చాలీచాలని ఆయుధాలతో రోమ్ నగరం వైపు కదిలారు. వారి నాయకుడు మిలాన్‌లోనే ఉండి ఫలితం కోసం వేచి ఉన్నాడు. రాజధానిని కాచే సైన్యం వారిని చెదరగొట్టగల స్థితిలో ఉంది. ప్రధాని ఫాక్టా మంత్రివర్గం సైనిక నిర్బంధం విధించడానికి నిశ్చయించింది. ఆ ప్రకటనలు గోడల మీదికి ఎక్కాయి కూడా. మిగిలింది రాజు సంతకం ఒక్కటే. ఫాక్టా పత్రం పట్టుకుని వెళ్ళాడు; మూడవ విక్టర్ ఇమాన్యుయేల్ సంతకం చేయలేదు. అంతర్యుద్ధానికి జంకాడో, సింహాసనం చేజారుతుందని శంకించాడో, చరిత్రకారులు పలువిధాలుగా తర్కిస్తారు. ఫలితంలో మాత్రం సందేహం లేదు. రాజాహ్వానం అందుకుని అక్టోబరు 30న ముస్సోలినీ రైలులో పడకపెట్టెలో పయనించి రోమ్ చేరాడు. ముప్పైతొమ్మిదేళ్ళ వయసులో ప్రధాని అయ్యాడు.

చెరువుగట్టున ఎలుకబొరియ కనిపించిననాడు దోసెడు మట్టి చాలు. గండిపడిననాడు ఊరంతా తట్టలెత్తినా చాలదు. ఆ ఉదయం ఇటలీకి కావలసింది ఒక సంతకమే. తరువాతి కాలంలో ఆ లోపాన్ని సరిదిద్దడానికి లక్షల ప్రాణాలు కావలసివచ్చాయి. కర్తవ్యం ఎప్పుడూ మహాకార్యంగా రూపుదాల్చి రాదు. ఒక కాగితంగా, ఒక ప్రశ్నగా, సభలో ఒక ఓటుగా, సాధారణమైన ఉదయాన సాధారణంగానే వస్తుంది. దాని అల్పరూపాన్ని చూసి అల్పమనుకున్నవాడు ఘోరంగా మోసపోతాడు.

రాజు మరచినదాన్ని సభ కూడా మరచింది. నవంబరులో శాసనసభ 116 ఓట్లకు వ్యతిరేకంగా 306 ఓట్లతో కొత్త ప్రధానిపై విశ్వాసం ప్రకటించింది; ఆ సభలో ఫాసిస్టులు ముప్పై పైచిలుకు మాత్రమే. మరుసటి సంవత్సరం, నాలుగవ వంతు ఓట్లు దాటి మొదటి స్థానంలో నిలిచిన పక్షానికి మూడింట రెండువంతుల స్థానాలు కట్టబెట్టే చట్టాన్ని ఆ సభే ఆమోదించింది. కోట తలుపు లోపలి నుంచే తెరుచుకుంది. కురుసభలో ద్రౌపదికి జరిగిన అవమానాన్ని చూసిన వృద్ధులకు ధర్మశాస్త్రం తెలియదని ఎవరనగలరు? భీష్మునికి తెలుసు, ద్రోణునికి తెలుసు, అంధరాజుకూ తెలుసు. తెలిసి పలకని ధర్మం తెలియని ధర్మంతో సమానమైంది. ఆ సభలో విదురుడు వారించాడు. దుర్యోధనుని తమ్ముళ్ళలో వికర్ణుడొక్కడు లేచి న్యాయం పలికాడు.

ఇటలీ శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడు జాకొమో మట్టెయోట్టి లేచి నిలిచాడు. 1924 ఏప్రిల్ ఎన్నికల్లో జరిగిన హింసనూ మోసాన్నీ మే 30న, కేకల మధ్య, అడుగడుగునా అడ్డగింపుల మధ్య, నిలిచి వివరించాడు. ఆ మాటలకు మూల్యం ఏమిటో ఎరిగి పలికిన మాటలవి. జూన్ 10 మధ్యాహ్నం, టైబర్ నది ఒడ్డున తన ఇంటికి సమీపంలో, అతన్ని పట్టపగలు కారులోకి లాగి తీసుకుపోయి చంపారు. ఆగస్టు 16న నగరానికి వెలుపల అడవిలో అతని దేహం దొరికింది. దేశం దిగ్భ్రాంతి చెందింది. నియంత పీఠం ఊగిసలాడింది. ప్రతిపక్షులు సభను విడిచి వెళ్ళి రాజు న్యాయం చేస్తాడని నిరీక్షించారు; రాజు ఈసారి కూడా కదలలేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో నిలబడి, జరిగినదానికంతటికీ రాజకీయ, నైతిక, చారిత్రక బాధ్యత తనదేనని ప్రకటించాడు. శిక్షించేవాడు లేనిచోట ఒప్పుకోలు పశ్చాత్తాపానికి చిహ్నంగా మిగలదు, ధిక్కారంగా పరిణమిస్తుంది.

అటుపిమ్మట అన్నీ త్వరితంగా జరిగాయి. 1926 నాటికి ఇతర పార్టీలు రద్దయ్యాయి. ప్రత్యేక న్యాయస్థానం వెలిసింది. ఎదిరించినవారిని లీపారి, పోంజా వంటి దీవులకు ప్రవాసం పంపారు. శాసనసభ్యుడైన అంటోనియో గ్రాంషీని చెరసాలలో వేశారు. అతడు రుగ్ణశరీరంతో నోటుపుస్తకాలు నింపుతూ వచ్చి 1937 ఏప్రిల్‌లో మరణించాడు. 1931లో విశ్వవిద్యాలయాల ఆచార్యులను పాలకపక్షానికి విధేయతా ప్రమాణం చేయమన్నారు. సుమారు 1,200 మందిలో నిరాకరించినవారు పన్నెండుమంది అని చెబుతారు. ప్రమాణం చేసినవారందరూ దుర్మార్గులు కారు. కుటుంబాలు పోషించుకునేవారు, గ్రంథాలు ప్రేమించేవారు, "మన పాఠం మనం చెప్పుకుందాం" అనుకున్నవారు. అయినా శిష్యుల ఎదుట సత్యానికి సాక్షిగా నిలవవలసినవాడు అసత్యంపై ప్రమాణం చేసిననాడు, ఆ తరగతిగదిలో చెప్పే పాఠం మారకపోయినా విద్యార్థి నేర్చేది మారిపోతుంది. అదే సంవత్సరం సంగీత నిర్వాహకుడు టోస్కనీనీ ఫాసిస్టుల గీతాన్ని వాయించడానికి నిరాకరించి బొలోన్యా నగరంలో దెబ్బలు తిన్నాడు. అతని కచేరీ ఆగింది. అతని కీర్తి నేటికీ ఆగలేదు.

లోకం సైతం వరాలిచ్చింది. పరదేశ నాయకులు అతని క్రమశిక్షణను కీర్తించారు. భారతదేశం నుంచి వెళ్ళిన రవీంద్రనాథ్ ఠాగూర్ 1926లో అతని ఆతిథ్యం స్వీకరించి, పలికిన ప్రశంసలను అక్కడి పత్రికలు వాడుకోవడం చూశాడు. స్విట్జర్లాండ్‌లో రచయిత రోమా రోలా తదితరులను కలిసి నిజం తెలుసుకున్న పిమ్మట ఫాసిజాన్ని బహిరంగంగా ఖండించాడు. ఇచ్చిన వరాన్ని వెనక్కు తీసుకోవడానికి సంకోచించకపోవడమే మహాత్ముల లక్షణం. పది సంవత్సరాల తరువాత, భార్య కమల మరణించిన దుఃఖంలో రోమ్ మీదుగా తిరిగివస్తున్న జవాహర్‌లాల్ నెహ్రూను తమ నేతను దర్శించమని అధికారులు బలవంతపెట్టారు, ఆయన అంగీకరించలేదు. ఒక పలకరింపు సైతం ఎక్కడ ఎవరికి బలమవుతుందో ఎరిగినవాడు ఆ పలకరింపును నిగ్రహిస్తాడు.

స్తోత్రాల మధ్య అహంకారం ఎదిగింది. అతని మాట ఎన్నడూ తప్పదని గోడల మీద రాయించారు. నాయకుడు నిద్రమాని దేశం కోసం శ్రమిస్తున్నాడని జనం నమ్మేందుకు వెనీజియా భవనంలోని అతని గది కిటికీలో రాత్రిళ్ళు దీపం వెలిగించి ఉంచేవారని ప్రసిద్ధి. పోంటైన్ చిత్తడినేలలను ఎండగట్టి పట్టణాలు కట్టిన మాట నిజమే. అయితే రాజధర్మంలో నిర్మాణం ఒక భాగమే. ప్రజ నిర్భయంగా నోరు విప్పగలగడం దాని ప్రాణం. ఎన్నడూ తప్పని మనిషికి తప్పు చెప్పేవారు ఉండరు. తప్పు చెప్పేవారు లేనివానికి నిజం తెలియదు. రావణునికి మాల్యవంతుడు చెప్పాడు, మారీచుడు చెప్పాడు, విభీషణుడు చెప్పాడు. చెవి మూసుకున్నవానికి అన్ని హితవులూ ద్రోహంగానే వినిపించాయి.

1935 అక్టోబరులో అతని సేనలు ఇథియోపియాపై దండెత్తాయి. విమానాల నుంచి విషవాయువును సైనికుల మీద, పల్లెల మీద, పశువుల మీద కురిపించాయి. 1936 మే 9న సామ్రాజ్యం ప్రకటితమైంది. సంతకం చేయని ఆ రాజే చక్రవర్తి బిరుదు స్వీకరించాడు. సరిగా పది సంవత్సరాలకు, 1946 మే 9న, అతడు కిరీటం విడిచి ఈజిప్టుకు ప్రవాసం వెళ్ళాడు. మరుసటి నెలలోనే ప్రజాభిప్రాయ సేకరణలో ఇటలీ రాచరికాన్ని తొలగించుకుంది. ఏ సింహాసనాన్ని కాపాడుకోవడానికి కర్తవ్యాన్ని వదిలాడో ఆ సింహాసనమే దక్కలేదు. భస్మాసురుని కథ చెప్పే హితవు ఇదే.

ఇక పతనం మొదలైంది. 1938లో యూదులపై జాతివివక్ష చట్టాలు వచ్చాయి. 1939 మేలో హిట్లర్‌తో ఉక్కు ఒడంబడిక కుదిరింది. 1940 జూన్ 10న, మట్టెయోట్టి హతుడైన తేదీనే, నియంత తన భవనపు బాల్కనీ నుంచి యుద్ధం ప్రకటించాడు. ఎనభై లక్షల బాయ్‌నెట్లు ఉన్నాయని ఒకనాడు డంబం పలికినవాని సైనికులు గ్రీసు కొండల్లోనూ రష్యా మంచులోనూ తగిన బూట్లు, దుస్తులు లేక గడ్డకట్టి మరణించారు. సేన సిద్ధంగా లేదని గట్టిగా చెప్పగల గొంతులను అతడే ఏనాడో నొక్కివేశాడు. 1943 జూలైలో మిత్రరాజ్యాల సేనలు సిసిలీలో దిగాయి. రోమ్‌పై బాంబులు పడ్డాయి. జూలై 24 సాయంత్రం మొదలై తెల్లవారుజాముదాకా సాగిన ఫాసిస్టు మహాసభలో అతని సొంత అనుచరులు 19 మంది అతనికి వ్యతిరేకంగా ఓటు వేశారు. జూలై 25 సాయంత్రం రాజును కలిసి బయటికి వచ్చిన అతన్ని నిర్బంధించి రోగులను తరలించే బండిలో తీసుకుపోయారు. సెప్టెంబరులో జర్మన్లు విడిపించి ఉత్తరాన సాలో పట్టణం కేంద్రంగా ఒక నీడరాజ్యాన్ని ఇచ్చారు. వ్యతిరేకంగా ఓటు వేసినవారిలో ఒకడైన సొంత అల్లుడు చియానోను 1944 జనవరిలో కాల్చి చంపించాడు. కుమార్తె ఎద్దా వేడుకోలు ఫలించలేదు.

1945 ఏప్రిల్ 27న కోమో సరస్సు తీరాన, డోంగో దగ్గర, పలాయనం చిత్తగిస్తున్న జర్మన్ వాహనశ్రేణిని ప్రతిఘటన దళాలు ఆపాయి. ఒక లారీలో జర్మన్ సైనికుని పొడవాటి కోటు ధరించి, శిరస్త్రాణం కప్పుకుని దాగి ఉన్న మనిషిని దించి చూస్తే ముస్సోలినీ. మాటతో సమూహాలను ఊపిన వ్యక్తికి ఆనాడు పలకడానికి మాట లేదు. లోకాన్ని ధిక్కరించిన ముఖానికి పరాయి కోటు కాలరు శరణ్యమైంది. మరునాడు మెజ్జెగ్రా గ్రామంలో అతన్నీ సహచరి క్లారా పెటాచినీ కాల్చి చంపారు. 29న మిలాన్‌లోని లొరేటో కూడలిలో, పెట్రోలు బంకు దూలానికి దేహాలను తలకిందులుగా వేలాడదీశారు. అంతకు ముందటి ఆగస్టులో పదిహేనుమంది ప్రతిఘటనవాదులను కాల్చి దేహాలను ప్రదర్శించిన చోటు అది. జనక్రోధానికి కారణం ఉంది. కారణం ఉన్నంత మాత్రాన క్రోధం ధర్మం కాజాలదు. రావణుడు నేలకూలిన తరువాత అతనికి విధివిహితంగా అంత్యక్రియలు జరిపించమని రాముడు విభీషణునికి చెప్పాడు. శత్రువు దేహానికి గౌరవం అతని పాపానికి క్షమాపణ కాదు. గెలిచినవాడు తాను ఓడించినవానివంటివాడు కాకుండా కాచుకునే కవచం.

సంపద అస్థిరం, అధికారం అస్థిరం, జయఘోష అంతకంటె అస్థిరం. ఈ మాటలు అందరికీ తెలుసు. అయితే వీటిని ఓదార్పుగా భావించి నిశ్చింతగా కూర్చోరాదు. అధర్మం కూలుతుంది, నిజమే. కూలేటప్పుడు ఎవరిమీద కూలుతున్నానో అన్న దయ దానికి లేదు. రెండవ మహాయుద్ధంలో మరణించిన నాలుగు లక్షలకు పైబడిన ఇటాలియన్లనూ, విషవాయువుకు బలియైన ఇథియోపియన్లనూ, మరణశిబిరాలకు తరలిపోయిన యూదులనూ లొరేటో కూడలి తిరిగి తీసుకురాలేదు. కాలం శిక్షిస్తుందిలే అనుకునేవాడు కాలానికి తన కర్తవ్యాన్ని అప్పగించి తప్పుకున్నవాడు. పతనం కాలం చేతిలో ఉంది. వరం మాత్రం మన చేతిలో ఉంది.

కాబట్టి మానవులారా, మీరెరిగిన ధర్మాన్ని జ్ఞాపకం చేసుకోండి. సంతకం చేయవలసిన చేయి వణికినా సంతకం చేయాలి. చేయరాని చోట ఎంతటివాడు అడిగినా నిరాకరించాలి. న్యాయపీఠంపై ఉన్నవాడు బలవంతుని ముఖం చూడరాదు. పత్రిక నడిపేవాడు చప్పట్లను సత్యమని భ్రమించరాదు. ధనవంతుడు భయంతో హింసను కొనరాదు. ఆచార్యుడు తన శిష్యుల కన్నుల ముందు తలవంచరాదు. సామాన్యుడు పొరుగువాని ఇంటి తలుపు విరుగుతున్న శబ్దాన్ని తనది కాదని వినకుండా ఉండరాదు. ఓటు మీ చేతిలో ఉన్న వరం. మౌనం సైతం వరమే. ఈ రెంటిలో ఏది ఎవరికి ఇస్తున్నారో ఇచ్చేముందే యోచించండి. నాయకుని పూజించకండి, ప్రశ్నించండి. శత్రువును ద్వేషించకండి, ఎదిరించండి. విజయం కలిగిననాడు మిమ్మల్ని మీరు నిగ్రహించుకోండి. కర్తవ్యం చిన్నదిగా ఉన్నప్పుడే దానిని నెరవేర్చండి. ఆనాడు దాని మూల్యం కొంచెం ధైర్యమే.